నెత్తిమీద చెంబు

“నిన్న నేను అడిగినప్పుడు తల ఊపావా లేదా నాయనా?”

“ఊపాను. వింటున్నానని ఊపాను. ఒప్పుకున్నానని ఎవరు చెప్పారు నీకు?”

“తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదా? ఆ ధైర్యంతోనే కదా మాస్టరుగారికి చెప్పేశాను, లా చదువుతానని!”

“చెబితే చెప్పావు. రేపు పోయి కాదని చెప్పు. టీచరు ట్రైనింగుకు పోతానని చెప్పు. లాయరు బతుకంటే నోరు తెరిస్తే అబద్ధం. దొంగతనం చేసినవాడి తరఫునా వాడే, సొమ్ము పోయినవాడి తరఫునా వాడే. తాగుబోతులూ కత్తిపోట్లవాళ్ళూ ఉండే చోట నా కూతురు నిలబడి అరవాలా?”

“కోర్టుకే పోవాలని ఏముంది అన్నా? కాగితాల లాయర్లు వేరే ఉంటారు. లీజులు, వీలునామాలు, అమ్మకాలు. ఫ్యాను కింద కూర్చుని చేసే పని. న్యూజిలాండులో లా ఒక్కటే చదివితే నాలుగేళ్ళు, బీఏ కూడా కలుపుకుంటే ఐదు. ఒక్కటే చదివి వచ్చేస్తే ఏడాది ఆదా.”

“నాకు ఫ్యాను వద్దు బాబాయ్. నాకు కోర్టు కావాలి.”

“ఏ కోర్టు? మనిషి తల ఊపితే చాలు, ఒప్పుకున్నాడని తేల్చేసే కోర్టా?”

ఈ చివరి మాట అన్నది నా పెద్దకొడుకు. పోట్లాడుతున్నది వాడి కూతురు. మధ్యలో దూరినవాడు నా చిన్నకొడుకు. వాడు లౌటోకా పట్నంలో ఒక లాయరు దగ్గర గుమాస్తా, అందుకని లా చదువుల సంగతి మా ఇంట్లో వాడే చెప్పాలి. లోవు ఊళ్ళో మా ఇంట్లో, పొద్దుగూకే వేళ, అన్నాల దగ్గర జరిగిన గొడవ ఇది. పెద్దవాడు ఆ మాట కూతుర్ని దెప్పడానికి అన్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. అలాంటి కోర్టు ఉండేది. రాకిరాకిలో. మా అమ్మ అందులో నిలబడింది, నేను వెనక బల్ల మీద కూర్చున్నాను.

“ఒక దీపం ఆర్పండి. పోట్లాడుకోవడానికి ఒకటి చాలు,” అన్నాను. ఆర్పారు. అప్పుడు వాళ్ళకు చెంబు మావ సంగతి చెప్పాను. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నా చదువు రెండో పుస్తకంతో ఆగిపోయింది కాబట్టి ఉన్నదానికి కలిపి రాయడం నాకు చేతకాదు.

ఆయన అసలు పేరు నాకు తెలియదు. ఓడ ఎక్కించేటప్పుడు ఏదో ఒకటి రాసుకునే ఉంటారు. మా అమ్మానాన్నా ఆయనా మన దేశంనుంచి ఈ చెరుకు దీవులకు ఒకే ఓడలో వచ్చారు, నేను చంకబిడ్డను. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఇక్కడ తోబుట్టువుల కిందే లెక్క. అందుకని అమ్మ ఆయన్ని అన్నా అనేది, నాయన బావా అనేవాడు, నాకు మావ అయ్యాడు. ఐదేళ్ళ గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, వచ్చినవాళ్ళను చెరుకు కంపెనీవారు పొడుగాటి రేకుల కొట్టాల్లో పెట్టేవారు. లైన్లు అనేవాళ్ళం వాటిని. మా గదికి రెండు గదుల అవతల ఆయనది. మధ్య గోడలు పైకప్పు దాకా ఉండవు. ఎవరు దగ్గినా అందరికీ తెలిసేది. ఆయన మాత్రం దగ్గినా మర్యాదగా దగ్గేవాడు.

పొట్టి మనిషి. చెరుకు కొట్టడంలో అందరికంటే వెనక. మా మీది మేస్త్రీ, సర్దార్, రోజూ తిట్టేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క సోకు మీసం. దానికి కొబ్బరినూనె రాసి, మొనలు పైకి తిప్పేవాడు.

“కూరలోకి లేని నూనె మీసానికెక్కడిది అన్నా?” అనేది అమ్మ.

“కూర కడుపులోకి పోతుందమ్మా, ఎవరికీ కనపడదు,” అనేవాడు.

ఆయన తల ఊపేవాడు కాదు. అవునన్నా కాదన్నా నోటితోనే. అమ్మ గరిటె పట్టుకుని “ఇంకొంచెం వెయ్యనా?” అంటే, మనమైతే తల ఓ పక్కకు వాల్చి ఊరుకుంటాం. ఆయన మెడ కొయ్యలా నిలబెట్టి, “వెయ్యి. సగం గరిటె. చాలు,” అనేవాడు. వెనకనుంచి పిలిస్తే కాడి మోసే ఎద్దులాగా ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. కొత్తగా లైన్లకు వచ్చినవాళ్ళు మెడ పట్టేసిందనుకుని వేడి నూనె తెచ్చిచ్చేవాళ్ళు. ఆయన వద్దనేవాడు కాదు. తీసుకుని మీసానికి రాసుకునేవాడు.

ఆ మెడ అలా ఎందుకు అయిందో ఆయన నోటితోనే చాలాసార్లు విన్నాను. వచ్చిన మొదటి ఏడాది పనికి రాలేదని ఆయన్ని కోర్టుకు పట్టుకుపోయారు. దొర ఇంగ్లీషులో అడిగాడు. దుబాసీ దాన్ని హిందుస్తానీలోకి మార్చాడు. మావకు అప్పటికి హిందుస్తానీ ముక్క రాదు.

“పెద్దమనిషి మాట్లాడుతుంటే రాయిలా నిలబడతామా? వింటున్నాను దొరా అని తల ఊపాను. నేను ఊపిన కొద్దీ ఆయన రాసుకున్నాడు. ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని నేనూ సంతోషించాను. తర్వాత ఇద్దరు పోలీసులు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు.”

జైలునుంచి వచ్చేసరికి ఆయనకు హిందుస్తానీ వచ్చేసింది. “సర్కారువారు తిండిపెట్టి మరీ నేర్పించారు,” అనేవాడు. వచ్చిన వారమే ఆదివారం మధ్యాహ్నం లైన్ల ముందు కిరసనాయిలు డబ్బా బోర్లించి, దుప్పటి భుజాలమీద కప్పుకుని, తాను దొరనై కూర్చున్నాడు. అదీ చెంబు మావ కోర్టు. నేను ఎరిగిన మొదటి లా కాలేజీ అదే. న్యూజిలాండులో ఉన్నది ఇంతకంటే పెద్దదే అయి ఉంటుంది.

మావాళ్ళలో ఎవరికి కోర్టు పిలుపు వచ్చినా ఆ ఆదివారం ఆయన ముందు నిలబడాలి. నిలబడ్డవాడి నెత్తిమీద నిండా నీళ్ళు పోసిన ఇత్తడి చెంబు పెట్టేవాడు. ఆ చెంబు ఊరినుంచి తెచ్చుకున్నది. పెట్టి, దొరలాగా అడిగేవాడు. దొరలాగా అంటే అచ్చం దొరలాగానే. ఎదుటివాడి మొహం చూడడు. గోళ్ళు చూసుకుంటాడు. ఈగను తోలతాడు. మధ్యలో ఆవలిస్తాడు.

మా నాయన నిలబడ్డ రోజు నాకు బాగా గుర్తు.

“మంగళవారం పనికి రాలేదా?” అన్నాడు మావ, గోళ్ళు చూసుకుంటూ.

నాయన వినయంగా తల వంచాడు. చెంబెడు నీళ్ళూ మొహం మీద పడ్డాయి. చెంబు దొర్లుకుంటూ పోయింది. లైన్లన్నీ నవ్వాయి.

“తీసుకుపోండి వీణ్ణి,” అన్నాడు మావ.

“బావా, ఇంకోసారి!”

“దొర ఇంకోసారి అడగడు. నేనైతే అడుగుతాను. పోయి నీళ్ళు పట్టుకురా.”

మగవాళ్ళందరూ తడిసేవాళ్ళు. ఆడవాళ్ళు తడిసేవాళ్ళు కాదు. రోజూ వాగునుంచి బిందెలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళకు చెంబు ఒక లెక్కా? “మీకు మెడ కుదిరింది, ఇక నోరు కుదరాలి,” అనేవాడు వాళ్ళతో. పక్క ఊరినుంచి ఈ దీవుల సొంతవాళ్ళైన కైవీతీల పెద్దాయన ఒకాయన ఆదివారాలు వచ్చి ఈ తమాషా చూసేవాడు. ఒకసారి తానూ చెంబు పెట్టించుకుని, బొట్టు తొణక్కుండా లైన్ల చుట్టూ నడిచి, మా మగవాళ్ళ పరువు తీసి వెళ్ళాడు.

కోర్టు లేని ఆదివారాల్లో పిల్లలకు కథలు చెప్పేవాడు. కథకు ఊఁ కొట్టనిచ్చేవాడు కాదు. “అర్థమైతే అయిందను. కాకపోతే ఆపి అడుగు. ఊఁ ఊఁ అనేవాడు నిద్రపోతూ కూడా అంటాడు.” పిల్లలం పోట్లాడుకుని ఆయన దగ్గరకు పోతే ఒకటే ప్రశ్న. నా జామకాయ ఫలానావాడు తినేశాడు మావా అంటే, “చూశావా, విన్నావా, అనుకున్నావా?” అనేవాడు. చూశానంటే ఎక్కడ నిలబడి చూశావు అనేవాడు. విన్నానంటే ఎవరి దగ్గర అనేవాడు. అనుకున్నానంటే, “అయితే పోయి ఇంకొంచెంసేపు అనుకో,” అని పంపేసేవాడు. ఇప్పటికీ ఎవరైనా నా దగ్గరకు వచ్చి ఇంకొకరి మీద చెబితే నా నోటికి ముందు వచ్చేది ఆ మాటే. దానివల్ల నా దగ్గరకు చాడీలు చెప్పేవాళ్ళు రావడం మానేశారు. చాలా తీరిక మిగిలింది.

నా పెద్దకొడుకు అన్న అబద్ధాల మాటకు జవాబు కూడా ఆయన దగ్గరే ఉంది. ఒకసారి ఒక మగమనిషి వచ్చాడు. పెళ్ళాన్ని కర్రతో కొట్టాడు. ఆమె చెయ్యి వాచి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది, మేమందరం చూశాం. కొట్టలేదని చెప్పడం నేర్పమన్నాడు. మావ చెంబులో నీళ్ళు నేలమీద పారబోసి చెంబు బోర్లించేశాడు.

“ఉన్నది సరిగ్గా చెప్పడానికే ఈ చెంబు. లేనిది చెప్పడానికి కాదు.”

“నువ్వేమన్నా లాయరువా, ఇంత నీలుగుతున్నావు?”

“కాదు. లాయరునైతే నీ దగ్గర డబ్బు తీసుకుని ఇదే మాట చెప్పేవాణ్ణి.”

ఇక మా అమ్మ సంగతి. మొదటిసారి అమ్మను కోర్టుకు పిలిచినప్పుడు మావ జైల్లో ఉన్నాడు. నేర్పేవాళ్ళు లేరు. అమ్మ కూడా అందరిలాగే దొరకు మర్యాద చేసి జైలుకు పోయింది. నన్ను పక్కగది పిన్నమ్మ చూసుకుంది. అమ్మ తిరిగివచ్చాక కొన్నాళ్ళు నేను ఆమె కొంగు ముడి నా వేలికి చుట్టుకుని పడుకునేదాన్ని. ఆ జైలు రోజులన్నీ గిర్మిట్ చివర కలిపారు. అందుకని నాయన గిర్మిట్ తీరినా అమ్మది తీరలేదు.

అప్పటికే నాయన తవువా వైపు కొంచెం భూమి అద్దెకు మాట్లాడాడు. దాని పక్క భూమి చెక్క మావ మాట్లాడుకున్నాడు. ఆయన గిర్మిట్ కూడా చివరికి వచ్చింది. నాటు వేళకు వచ్చి దున్నితేనే భూమి ఇస్తానన్నాడు భూమి తాలూకు ఆసామి. అమ్మ గిర్మిట్ సరిగ్గా దానికి ముందు తీరాలి. సరిగ్గా అప్పుడే నాకు జ్వరం వచ్చింది. అమ్మ పొద్దున్నే సర్దార్‌కు చెప్పి, పనికి పోకుండా నా దగ్గర కూర్చుంది. మూడో పూటకల్లా కోర్టు పిలుపు వచ్చింది. ఈసారి శిక్ష పడితే మళ్ళీ రోజులు కలుస్తాయి, భూమి పోతుంది. నాయన ఒక్కడే పోవాలి, లేదా ముగ్గురం ఈ రేకుల కిందే ఉండిపోవాలి.

ఆ ఆదివారం మావ అమ్మ నెత్తిన చెంబు పెట్టాడు. మెడతో పేచీ లేదు. నోరే పెగల్లేదు. ఆయన అమ్మకు ఒకే ఒక్క హిందుస్తానీ మాట నేర్పాడు: “హమ్ నహీ సమఝా.” నాకు అర్థం కాలేదు. అంతే.

“అదెలా అంటాను అన్నా? అంత పెద్దమనిషి ఎదుట నాకు అర్థం కాలేదంటే ఆయన సరిగ్గా చెప్పలేదన్నట్టు కాదూ?”

“చెప్పాడో లేదో ఆయన చూసుకుంటాడు. నీకు అర్థమయిందా?”

“లేదు.”

“అదే చెప్పు.”

“సిగ్గు అన్నా.”

“జైలుకు పోయినప్పుడు లేదా సిగ్గు?”

అమ్మకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఆ హిందుస్తానీ మాట అంది, లైన్లన్నీ వినేటట్టు. మావ దుప్పటి తీసి మడత పెట్టి, “ఇక నీకు పాఠం లేదు,” అన్నాడు.

కోర్టు రోజు చెరుకు బళ్ళ పట్టాల వెంట నడిచి వెళ్ళాం. నేను ఇంకా నీరసంగా ఉన్నాను, కొంత దూరం అమ్మ ఎత్తుకుంది. ఇక్కణ్ణుంచి చెప్పేది నేను కళ్ళారా చూసింది. నన్ను వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. అమ్మ ముందుకు వెళ్ళి నిలబడింది. నెత్తిన ఏమీ లేదు, అయినా చెంబు ఉన్నట్టే నిలబడింది. దొర నిజంగానే గోళ్ళు చూసుకుంటున్నాడు. నాకు నవ్వు వచ్చింది.

“కామ్ పర్ కాహే నహీ గయా?” అన్నాడు దుబాసీ, పనికి ఎందుకు పోలేదని.

“హమ్ నహీ సమఝా, సాహెబ్.”

దుబాసీ గట్టిగా అడిగాడు. గట్టిగా అంటే అర్థమవుతుందని అతని నమ్మకం. అమ్మ మళ్ళీ అదే అంది. మెడ కదల్లేదు. అంతా నాటకం అని సర్దార్ పక్కనుంచి అన్నాడు. దుబాసీ మరోసారి అడిగాడు, అమ్మ మరోసారి అదే అంది. అప్పుడు దొర గోళ్ళు వదిలి తలెత్తి అమ్మ మొహం చూశాడు. మావ తన కోర్టులో ఒక్కసారి కూడా చెయ్యని పని అది.

మద్రాసీల మాట తెలిసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగించాడు. ఎవరూ పలకలేదు. నాకు తెలుసంటూ నా వెనకనుంచి ఒక గొంతు వచ్చింది.

“హమ్ జానే, సాహెబ్.”

మావ. ఉతికిన పంచె, నూనె రాసిన మీసం. ఆయన ఆ రోజు చేలో ఉండాలి. సెలవు చీటీ లేకుండా తోట దాటిరావడం నేరం. అది లైన్లలో నాలాంటి పిల్లలకు కూడా తెలుసు. మా కులంబర్, అంటే తోట మీద తెల్ల ఓవర్‌సీరు, ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. వెనక్కు తిరిగి మావను చూశాడు.

మావ వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాడు. దొర మాట దుబాసీ హిందుస్తానీలో చెప్పేవాడు, మావ తెలుగులో చెప్పేవాడు. అమ్మ మాట అదే దారిన వెనక్కు పోయేది. ఐదేళ్ళుగా నోట్లో పెట్టుకున్నదంతా అమ్మ ఆ రోజు చెప్పింది. బిడ్డకు జ్వరమని, తెల్లారకముందే సర్దార్ గుమ్మం ముందుకు పోయి చెప్పానని, వాడు పళ్ళు తోముకుంటూ విన్నాడని, వేపపుల్ల ఉమ్మి సరేనన్నాడని. చెప్పి చెప్పి చివర, “వాడి నోట్లో మన్ను పడ!” అంది.

మావ అదీ చెప్పాడు. దుబాసీ నసిగితే, “ఆమె అన్నదంతా దొరకు చేరాలి,” అన్నాడు. చేరింది. సర్దార్ మొహం నల్లబడింది. దొర మీసం కింద నవ్వుకున్నాడు.

సర్దార్ తన మాట చెప్పాడు. ఈమె బిడ్డ దగ్గర లేదు, వాగులో బట్టలు ఉతుక్కుంటోంది అన్నాడు. అది విని అమ్మ ఎవరూ అడక్కుండానే అడిగింది:

“చూశావా, విన్నావా, అనుకున్నావా?”

మావ ఆ మాట అక్షరం పోకుండా హిందుస్తానీలో చెప్పాడు. దొర దాన్నే ప్రశ్నగా తీసుకుని సర్దార్‌ను అడిగించాడు. సర్దార్ నసిగి, ఎవరో చెప్పారన్నాడు. ఎవరు? గుర్తు లేదు. కేసు కొట్టేశారు.

బయటికి వచ్చాక నాయన మావ మీద ఎగిరాడు. “ఆ మన్ను మాట ఎందుకు చెప్పావు బావా? అది మింగేస్తే పోయేది కదా!”

“నన్ను నిలబెట్టింది ఆమె మాట చెప్పడానికి. ఏది చెప్పాలో ఏది మింగాలో తేల్చడానికి నేనెవరు?”

తిట్టు కూడా దాచకుండా చెప్పాడు కాబట్టే మిగతాదంతా నిజమని దొర నమ్మాడు. ఇది నేను చూసింది కాదు, విన్నదీ కాదు. అనుకున్నది.

తర్వాతి వారం అదే కోర్టు, అదే దొర. చీటీ లేకుండా పని వదిలి పోయినందుకు మావ మీద కేసు. మేమందరం పోయాం. పని వదిలి వచ్చావా అని అడిగారు. ఆయనకు హిందుస్తానీ వచ్చు, మాటలు తిప్పడమూ వచ్చు, కావాలంటే ఆ రోజు కోర్టుకు పనికొచ్చాను కదా అని అడగనూ వచ్చు. మెడ నిటారుగా పెట్టి, “వచ్చాను,” అన్నాడు. దొర కొంచెంసేపు ఆగాడు, ఇంకేమైనా చెబుతాడేమోనని. తర్వాత శిక్ష రాశాడు.

పోలీసులు తీసుకుపోతుంటే అమ్మ గుమ్మం దగ్గర అడ్డం పడింది. “అన్నా, నావల్ల… నావల్లే కదా…”

“నిన్ను ఎవరైనా అడిగారా?”

“లేదు.”

“అడగనిదానికి ఎందుకు జవాబు చెబుతావు? ఏం నేర్పాను నీకు?” అన్నాడు. అని, నా నెత్తిమీద చెయ్యి పెట్టి కదపకుండా కాసేపు ఉంచాడు, చెంబు పెట్టినట్టే. చెయ్యి వేడిగా ఉంది. నేనూ మెడ కదపలేదు.

ఆయన రోజులు కలిశాయి. అమ్మ గిర్మిట్ తీరింది. నాటు వేళకు మేం తవువా వైపు పోయి భూమి దున్నుకున్నాం. ఆ భూమే మా తిండి, మా బట్ట, నా పెళ్ళి, ఈ పిల్లల చదువు. పక్క చెక్క మావకోసం ఆగలేదు, ఇంకెవరో తీసుకున్నారు. ఆయన విడుదలయ్యాక ఒకసారి వచ్చాడు. మా గట్టుమీద నిలబడి తనది కావలసిన చెక్కలో ఎదిగిన చెరుకు చూసి, “బాగా పెంచాడు,” అన్నాడు. అమ్మ వడ్డిస్తూ “ఇంకొంచెం వెయ్యనా?” అంది. “వెయ్యి. నిండు గరిటె,” అన్నాడు. ఆ ఒక్కసారే నిండు గరిటె అనడం విన్నాను. వెళుతూ చెంబు మా గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్ళాడు. మరిచిపోయాడని నాయన పరిగెత్తి పోయి ఇవ్వబోతే, “మరిచిపోలేదు,” అన్నాడట. ఇది విన్నది. అవతలి దీవిలో లంబాసా వైపు పోయాడని, అక్కడ మనవాళ్ళ చేలల్లో పని చేసుకుని బతికాడని ఓడల్లో వచ్చిపోయేవాళ్ళు చెప్పారు. అదీ విన్నదే. ఎప్పుడు పోయాడో చెప్పినవాళ్ళు లేరు.

చెంబు నా దగ్గర ఉంది. రెండుసార్లు మాటు వేయించాను. కొత్తది కొనే పని రాలేదు.

ఇదీ ఆ రాత్రి వాళ్ళకు చెప్పింది. చిన్నవాడే ముందు అన్నాడు: “ఇప్పుడు కోర్టుల్లో అన్ని భాషలకూ దుబాసీలు ఉన్నారమ్మా. ఆ రోజులు పోయాయి.”

“మీ లాయరు దగ్గరికి వచ్చే రైతు లీజు కాగితం మీద వేలు ముద్దర వేసేటప్పుడు ఏం చేస్తాడు?”

రైతు తల ఊపుతాడని మా చిన్నవాడికీ తెలుసు, నాకూ తెలుసు.

“ఐదేళ్ళది చదువు,” అన్నాను మనవరాలితో. “లాతోపాటు భాషలు చదువు. కైవీతీల మాట సరిగ్గా నేర్చుకో, హిందీ సరిగ్గా నేర్చుకో. తెలుగు నా దగ్గర నేర్చుకో, దానికి ఖర్చు లేదు.”

“నువ్వా అమ్మా ఏడాది ఎక్కువ చదవమనేది?” అన్నాడు పెద్దవాడు. “అగ్గిపుల్లను చీల్చి రెండు చేసేదానివి!”

“ఆ ఏడాది మిగుల్చుకుని ఈ పిల్ల ఎదుటివాడి మాట అర్థంకాని లాయరయితే, దానికి పెట్టిన నాలుగేళ్ళూ దండగ. కాగితాల లాయరో కోర్టు లాయరో ఇప్పుడే తేల్చనక్కర్లేదు. పిల్లా, నువ్వు రేపు బస్సెక్కి పోయి కోర్టులో వెనక బల్ల మీద కూర్చో. అర్థం కాకుండా తల ఊపేవాణ్ణి చూసి ఒళ్ళు మండితే కోర్టుకు పనికొస్తావు. చదవకుండా వేలు ముద్దర వేసేవాణ్ణి చూసి మండితే మీ బాబాయి ఫ్యాను కిందికి పో. రెండూ చూసి ఏమీ అనిపించకపోతే మీ నాయన చెప్పినట్టు టీచరు ట్రైనింగుకు పో. అబద్ధం అంటావా, అది ఏ చదువులోనూ నేర్పరు. ఇంట్లో నేర్చుకుని పోవాలి. ఈ ఇంట్లో ఎవరూ నేర్పలేదనుకుంటాను.”

మనవరాలు తండ్రి వైపు చూసింది. వాడు కంచంలో చెయ్యి కడుక్కుంటూ తల ఊపాడు. దానికి పాపం ఏం చెయ్యాలో తోచలేదు. మళ్ళీ అడిగే ధైర్యం లేక కంచాలు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున పెద్దవాడు ఎద్దులకు కాడి కట్టి, టీకోసం గడప మీద కూర్చున్నాడు. నేను గ్లాసు వాడి చేతికిచ్చాను. ఇచ్చి, నిండా నీళ్ళున్న చెంబు వాడి నెత్తిన పెట్టాను.

“అమ్మా! పిల్లలు నవ్వుతారు!”

“నవ్వనీ. కదలకు. పిల్ల లా చదవడానికి పోతుందా, పోదా?”

వాడు ఒక చేత్తో టీ పట్టుకుని, మెడ బిగించుకుని, వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. మనవరాలు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చెంబులో నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగాయి.

“పోతుంది,” అన్నాడు.

“నాలుగేళ్ళదా, ఐదేళ్ళదా?”

“ఐదేళ్ళది. భాషలతో కలిపి.” టీ గ్లాసు పక్కన పెట్టి, “నేనే పంపిస్తాను,” అన్నాడు.

చెంబు రెండు చేతులతో తానే దించుకున్నాడు. నీళ్ళు వంకాయ మొక్కకు పోసి, ఎద్దులు తోలుకుని చెరుకులోకి పోయాడు. మనవరాలు జడ వేసుకుని, లౌటోకా బస్సెక్కి కోర్టుకు పోయింది.